కాటు పడే చోటు
నెల్లూరు తీరంలో విషం, వైద్యం, హక్కులు

పెన్నా డెల్టాలో వరి కోతకొచ్చే రోజుల్లో రైతుకు ఎలుకల బెడద మొదలవుతుంది. కంకుల్ని కొరికి గట్ల కింద కలుగుల్లోకి లాక్కుపోతాయి. ఆ కలుగులు తవ్వి ఎలుకల్ని పట్టే పని తరతరాలుగా యానాదులది. పనిలోకి దిగేముందు గట్టు చుట్టూ తిరిగి కలుగు నోళ్ళన్నీ వెతుకుతారు. ఒకటి వదిలేసి తక్కినవాటిని మట్టితో మూసేస్తారు. అడుగున చిల్లి చేసిన కుండలో ఎండుగడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని ఆ వదిలిన నోటికి ఆనించి, అడుగు చిల్లిలోంచి నోటితో ఊదుతారు. పొగ కలుగంతా పాకుతుంది. ఊదే మనిషి కళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. తర్వాత గడ్డపారతో తవ్వుకుంటూ పోయి ఎలుకల్ని చేత్తోనే బయటికి లాగుతారు. ఎలుకలు దాచుకున్న కంకులు దొరికితే అవీ ఇంటికి చేరతాయి.

ఎలుక ఉన్నచోటికి పాము రాకుండా ఉండదు. ఎలుక కోసం దూరిన రక్తపింజరి ఆ కలుగులోనే చుట్టచుట్టుకుని పడుకుంటుంది. యానాదికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. కలుగు నోటి దగ్గర జాడ చూసి లోపల పాము ఉందో లేదో చెప్పగలవాళ్ళు వాళ్ళలో ఎందరో ఉన్నారు. అయినా కూలి కోసం చెయ్యి పెట్టక తప్పదు.

ఎంబీబీఎస్ విద్యార్థి పాముకాటు గురించి ఫోరెన్సిక్ మెడిసిన్‌లో చదువుతాడు, తర్వాత జనరల్ మెడిసిన్‌లో చదువుతాడు. కోరలెలా ఉంటాయి, విషం ఎక్కడ పనిచేస్తుంది, ఎన్ని వయల్స్ ఎక్కించాలి అన్నీ నేర్చుకుంటాడు. కలుగులో చెయ్యి పెట్టాల్సి వచ్చిన మనిషి గురించి చదవడు. పాముకాటు విషయంలో ఆ రెండో చదువు లేకపోతే మొదటి చదువు సగమే పనికొస్తుంది. ఈ అధ్యాయంలో ఆ రెండింటినీ కలిపి చూద్దాం.

నాలుగు పాములు, నాలుగు తీర్లు

మన దేశంలో ప్రాణాంతకమైన కాట్లలో ఎక్కువ భాగం నాలుగు పాములవి: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. నాలుగూ ఆంధ్రదేశంలో ఉన్నాయి.

నాగుపాము విషం నరాలకూ కండరాలకూ మధ్యనున్న కూడలి మీద దెబ్బకొడుతుంది. నరం పంపే కబురును కండరంలో అందుకునే గ్రాహకాలకు విషపు అణువులు అడ్డంపడతాయి. ముందు కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడుపడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. కాటు పడ్డచోట చర్మం, కండ కుళ్ళిపోవడమూ మామూలే.

కట్లపాము పని అవతలి పక్కన, కబురు పంపే నరం కొస దగ్గర. ఆ కొసనే అది పాడుచేస్తుంది. ఒకసారి పాడయ్యాక విరుగుడు మందు దాన్ని వెనక్కి తేలేదు. నరం కొస మళ్ళీ బాగుపడేదాకా రోజుల తరబడి వెంటిలేటరు మీద ఊపిరి అందిస్తే మనిషి లేచి ఇంటికెళ్తాడు. అందించలేకపోతే చనిపోతాడు. ఈ పాము రాత్రిపూట తిరుగుతుంది. కాటు నొప్పి తెలియదు, గాటు కనపడదు. నేలమీద చాప వేసుకుని పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి కడుపునొప్పంటూ లేస్తారు. రెప్పలు వాలుతున్నాయని గమనించేవాళ్ళు లేకపోతే అది అజీర్తి ఖాతాలోకి పోతుంది.

రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే వ్యవస్థ మీద పడుతుంది. గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా ఒక్కసారిగా ఖర్చయ్యేలా చేస్తుంది. ఇక అసలు అవసరమైనప్పుడు రక్తం గడ్డకట్టదు. చిగుళ్ళ నుంచి, మూత్రంలో, ఒక్కోసారి మెదడులో రక్తస్రావం అవుతుంది. కిడ్నీలు దెబ్బతింటాయి. కాటు నుంచి బతికి బయటపడ్డ మనిషికి డయాలసిస్ అవసరం పడొచ్చు. చిన్నపింజరీ రక్తం మీదే పనిచేస్తుంది.

తీరంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె లాంటి ఊళ్ళలో వేటకెళ్ళే మత్స్యకారుల వలల్లో చేపలతోపాటు సముద్రపు పాములు పడతాయి. వాటి విషం కండరాన్ని కరిగిస్తుంది, మూత్రం నల్లగా మారుతుంది, పక్షవాతం వస్తుంది. మన దేశంలో తయారయ్యే విరుగుడు ఆ నాలుగు నేలపాములకే. సముద్రపు పాముకు అది పనిచేయదు. అక్కడ వైద్యుడికి మిగిలేది ఊపిరినీ కిడ్నీలనూ కాపాడుకుంటూ రావడమే. ఎవరి కాటుకు మందు తయారవుతుందో, ఎవరి కాటుకు తయారవదో నిర్ణయించేది ఒక్క జీవశాస్త్రమే కాదు. అడిగేవాళ్ళ గొంతు ఎంత దూరం వినపడుతుందన్నదీ అందులో ఉంది.

గాజు గొట్టం, ఇరవై నిమిషాలు

పాముకాటు వైద్యంలో ఒక పరీక్ష ఉంది. ఏ పల్లె ఆసుపత్రిలోనైనా చేయొచ్చు. కొత్త, శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబ్ తీసుకోవాలి. రోగి నరం నుంచి తీసిన రక్తం రెండు మిల్లీలీటర్లు అందులో పోసి కదపకుండా నిలబెట్టాలి. ఇరవై నిమిషాల తర్వాత ట్యూబును ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టి అలాగే నిలిస్తే సరే. నీళ్ళలా జారితే రక్తం మీద పనిచేసే పింజరి విషం ఒంట్లో ఉందన్నమాట, విరుగుడు మొదలెట్టాల్సిందే.

ఎంత సులువో అంత మెలకువ కావాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. గడ్డకట్టే ప్రక్రియను రాజేసేది గాజు గోడే. సబ్బుపొడితో కడిగిన గాజూ పనికిరాదు. నిమిషానికొకసారి ఎత్తి చూడకూడదు. మొదటిసారి గడ్డకట్టిందని రోగిని పంపేయకూడదు, కొన్ని గంటలపాటు మళ్ళీ మళ్ళీ చేయాలి. నాలుగు కొత్త గాజు గొట్టాలు, గోడ గడియారం ఒకటి ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక మనిషి ప్రాణం నిలబడుతుంది. గాజు గొట్టాలు అయిపోయాయని ఈ పరీక్ష మానేస్తే ప్రాణం పోతుంది. హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనకు పెద్ద పెద్ద ఒడంబడికలు గుర్తొస్తాయి. పల్లె ఆసుపత్రి స్టోరు గదిలో ఆ హక్కు ఒక గాజు గొట్టం రూపంలో ఉంటుంది.

విరుగుడు తయారీ సూత్రం పాతదే. 1890లలో ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ కాల్మెట్ చూపించిన దారి అది. కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రం రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి, వాటిని వేరుచేసి మందుగా వాడతారు. మన దేశపు మందు ఒక్కో మిల్లీలీటరూ నాగుపాము విషం 0.6 మిల్లీగ్రాములు, రక్తపింజరిది 0.6, కట్లపాముది 0.45, చిన్నపింజరిది 0.45 మిల్లీగ్రాములు విరిచేలా ఉండాలని ప్రమాణం. పొడి రూపంలో దొరికే మందుకు ఫ్రిజ్ అక్కర్లేదు. మొదట 8 నుంచి 10 వయల్స్ ఎక్కిస్తారు. గుర్రపు ప్రోటీను కాబట్టి ఒంటికి పడక రియాక్షన్ రావచ్చు. అందుకు అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ రియాక్షన్ భయంతోనే దేశంలో చాలాచోట్ల చిన్న ఆసుపత్రుల్లో మందు ఉన్నా ఎక్కించకుండా పెద్దాసుపత్రికి రాసి పంపేస్తుంటారు. ఆ దారిలో గడిచే గంటలు విషానివే.

ఈ తీరం ప్రపంచానికి ఇచ్చింది

రక్తపింజరిని ఇంగ్లీషులో రసెల్ పేరుతో పిలుస్తారు. ప్యాట్రిక్ రసెల్ స్కాట్లండు వైద్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఉండి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల మీద 1796లో పెద్ద బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. ఏ పాము విషపుదో, ఏది కాదో జనానికి గుర్తుపట్టడం వచ్చేలా చేయాలన్నది అతని ఉద్దేశం. ఆ పుస్తకంలో పాముల పేర్లు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. రక్తపింజరిని అతను ‘కాటుక రేకుల పొడ’ అని రాసుకున్నాడు. కట్లపాముల ప్రజాతికి శాస్త్రం పెట్టిన పేరు ‘బుంగారస్’ మన ‘బంగారు’ నుంచే పోయింది. ఆ పాముల్ని పట్టి తెచ్చినవాళ్ళ నోటి మాటలు శాస్త్రంలో నిలిచాయి, వాళ్ళ పేర్లు మాత్రం నిలవలేదు.

తర్వాత ఈ విషాలే వైద్యశాస్త్రానికి పనిముట్లయ్యాయి. 1934లో ఇంగ్లండులో రక్తపింజరి విషాన్ని హీమోఫీలియా రోగుల రక్తస్రావం ఆపడానికి వాడి చూశారు. ఇప్పటికీ పెద్ద నగరాల ప్రయోగశాలల్లో, గర్భస్రావాలకూ రక్తం గడ్డలకూ కారణమయ్యే ఒక రకం ప్రతిరక్షకాన్ని కనిపెట్టే పరీక్షలో ఈ పాము విషమే వాడతారు. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రజ్ఞులు అక్కడి కట్లపాము విషం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అది కండరం మీది గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుని వదలదు. ఆ పట్టు ఆధారంగానే శాస్త్రజ్ఞులు ఆ గ్రాహకాన్ని వేరుచేసి చూడగలిగారు. మయస్థీనియా అనే కండరాల జబ్బు గుట్టు అలా బయటపడింది.

పాము విషం నుంచి లోకానికి ఇంత మేలు జరిగింది. పాము ఉన్న పొలంలో పనిచేసే మనిషికి అందులో దక్కిన పాలు చాలా తక్కువ. శాస్త్ర ఫలాల్లో ప్రతి మనిషికీ భాగం ఉందని 1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన చెబుతుంది. దాన్ని ఇక్కడ పొలంగట్టు మీద నిలబడి చదువుకోవాలి.

యానాదుల సంగతి

తెలుగునాట షెడ్యూల్డు తెగల్లో పెద్దవాటిలో యానాదులు ఒకరు. 2011 జనాభా లెక్కల్లో వాళ్ళు 5 లక్షలకు పైనే. అందులో ఎక్కువమంది ఉన్నది నెల్లూరు ప్రాంతంలోనే. అడవి, చెరువు, కాలువ, పులికాట్ సరస్సు వాళ్ళ బతుకుతెరువు. తేనె, కుంకుళ్ళు, చేపలు, ఎలుకలు, మూలికలు వాళ్ళకు తెలిసినంతగా మరొకరికి తెలియవు.

బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళలో కొన్ని గుంపుల్ని నేరస్థ జాతుల చట్టం కింద చేర్చింది. నేరం చేయకపోయినా పుట్టుకతోనే అనుమానితులు. పోలీసు దగ్గర హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు. ఈ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆ మచ్చ తుడిచెయ్యడానికి నెల్లూరులో జీవితమంతా ధారపోసినవాడు వెన్నెలకంటి రాఘవయ్య. యానాదులను సంఘంగా కూడగట్టాడు, వాళ్ళ మీద 1962లో పుస్తకం రాశాడు. 1973లో పద్మభూషణ్ అందుకున్నాడు.

శ్రీహరికోట దీవి యానాదుల పాత నెలవు. 1969లో అక్కడ రాకెట్ కేంద్రం పెట్టాలని నిర్ణయించారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. దీవిలో ఉన్న జనం బయటికి రావలసి వచ్చింది. దేశం అంతరిక్షంలోకి వెళ్ళిన దారి అది. దానికి ఎవరు చోటిచ్చారో మనం గుర్తుపెట్టుకోవాలి.

అడవి పోయినవాళ్ళు కూలికి దిగారు. వరిపొలాలు, ఇటుక బట్టీలు, బాతుల మంద, రొయ్యల గుంటల కాపలా. చాలా కుటుంబాలు ముందే కొంత డబ్బు తీసుకుని, అది తీరేదాకా అదే యజమాని దగ్గర పనిచేస్తాయి. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చిన తర్వాత కూడా నెల్లూరు ప్రాంతంలో వెట్టి నుంచి విడిపించిన యానాది కుటుంబాల వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆధార్ లేక, రేషన్ కార్డు లేక, కుల ధ్రువపత్రం లేక ఏ పథకానికీ అందని కుటుంబాలు ఎన్నో.

ఇప్పుడు పాముకాటు దగ్గరికి రండి. రొయ్యల గుంట గట్టు మీద తాటాకు పాకలో కాపలా ఉన్న మనిషి నేలమీద పడుకుంటాడు. కట్లపాముకు అనువైన చోటు అది. నేపాల్ తెరాయి పల్లెల్లో ఫ్రాంస్వా షాప్యూయి బృందం 2007లో అచ్చువేసిన పరిశోధనలో దోమతెర కింద పడుకున్నవాళ్ళకు పాముకాటు బాగా తక్కువని తేలింది. మంచం, దోమతెర, కరెంటు దీపం పాముకాటు నివారణకు మందులే. అవి లేకపోవడం మన దగ్గర పేదరికం కింద లెక్క. వైద్యశాస్త్రం దాన్ని ప్రమాద కారకం అంటుంది. గౌరవంగా బతికే హక్కుకు కలిగిన లోటు అని రాజ్యాంగం 21వ అధికరణం చదివిన ఎవరైనా అంటారు. ముగ్గురూ చెబుతున్నది ఆ ఒక్క పాక గురించే.

హక్కును నాలుగు కొలతలతో

ఆరోగ్యం ప్రతి మనిషి హక్కు అన్న మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగంలోనే ఉంది. అది 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో దాన్ని బాధ్యతగా రాసుకున్నారు. భారతదేశం 1979లో అందులో చేరింది. ఈ హక్కు నెరవేరుతోందా లేదా అని చూడటానికి ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ 2000లో నాలుగు కొలతలు చెప్పింది. లభ్యత, అందుబాటు, ఆమోదం, నాణ్యత. వైద్య విద్యార్థి ఈ నాలుగింటినీ నాడి చూసినంత అలవాటుగా చూడాలి.

లభ్యత: మందు ఉందా? 2015లో ఆఫ్రికా పాములకు వాడే మంచి విరుగుడు ఒకదాన్ని ఫ్రెంచి కంపెనీ సనోఫీ లాభం లేదని మానేసిందని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ ప్రపంచాన్ని హెచ్చరించింది. పేదలే వాడే మందుకు మార్కెట్టు ఉండదు. అక్కడ ప్రభుత్వమే నిలబడాలి.

అందుబాటు: మందు ఉన్నచోటికి మనిషి చేరగలడా? పులికాట్‌లో ఇరకం లాంటి దీవి పల్లెలో కాటు పడితే మొదట కావలసింది పడవ. 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన 108 అంబులెన్సు దేశానికే దారి చూపింది. అది రోడ్డు దాకా వస్తుంది, రోడ్డు దాకా మనిషిని ఎవరు తేవాలి? అందుబాటంటే దూరం ఒక్కటే కూడా కాదు. యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదని పని వదలడానికి భయపడే మనిషికి పక్క ఊరి ఆసుపత్రి కూడా దూరమే.

ఆమోదం: వచ్చిన మనిషిని ఆసుపత్రి మనిషిలా చూస్తోందా? మంత్రం వేయించుకుని ఆలస్యంగా వచ్చారని తిట్టడం మన ఆసుపత్రుల్లో అలవాటు. మంత్రగాడు అర్ధరాత్రి తలుపు తీస్తాడు, కాగితం అడగడు. ఆ రెండూ ఆసుపత్రి చేసిన నాడు ఆలస్యం దానంతటదే తగ్గుతుంది. యానాదులకు తెలిసిన పాముల విద్యను వెక్కిరించకుండా, కట్టు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, కాటు పడ్డ అవయవాన్ని కదలనివ్వకుండా మోసుకు రండి అన్న మూడు మాటలు వాళ్ళ పెద్దల నోటనే చెప్పిస్తే నమ్ముతారు.

నాణ్యత: మందు పనిచేస్తోందా? ఘనాలో ఒకప్పుడు మంచి విరుగుడు దొరక్క భారతదేశంలో తయారైన మందు వాడారు. అది అక్కడి పింజరికి సరిపడలేదు. కాటు పడ్డవారిలో మరణాలు 1.8 శాతం నుంచి 12.1 శాతానికి పెరిగాయి. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన విరుగుడుకు వాడే విషంలో ఎక్కువ భాగం తమిళనాడు ఇరుళుల సహకార సంఘం నుంచి వచ్చింది. పాము చర్మాల వ్యాపారం నిషేధించాక బతుకుతెరువు పోయిన ఇరుళులు 1978లో ఆ సంఘం పెట్టుకున్నారు. పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ నైపుణ్యమే పులికాట్‌కు ఇవతల యానాదుల చేతుల్లోనూ ఉంది. పాము తెలిసిన మనిషి కూలికి కలుగు తవ్వుతూ చనిపోవడమూ, అదే తెలివితో దేశానికి మందు అందించడమూ రెండూ సాధ్యమే. ఎటు నడిపించాలన్నది సమాజం నిర్ణయం.

మన సుప్రీంకోర్టు కూడా ఈ హక్కును గట్టిచేసింది. అత్యవసర రోగిని పోలీసు కాగితాల కోసం ఆపకూడదని, ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం నిలబెట్టాలని 1989లో పరమానంద కటారా కేసులో చెప్పింది. పశ్చిమబెంగాల్‌లో రైలు నుంచి పడ్డ వ్యవసాయ కూలీని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోకపోతే, సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో తీర్పిచ్చింది. మందు ఉండీ ఎక్కించకుండా రోగిని రాసి పంపే ప్రతి డ్యూటీ డాక్టరూ ఈ రెండు తీర్పులూ తెలుసుకుని ఉండాలి.

లెక్కకు రాని చావులు

పాముకాటుతో దేశంలో ఎందరు పోతున్నారో చాలాకాలం ఎవరికీ సరిగా తెలియదు. ఆసుపత్రి రికార్డుల్లో కనిపించే సంఖ్య చాలా చిన్నది. ఇంట్లో, దారిలో, పొలంలో పోయినవాళ్ళు అందులో లేరు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంతో కలిసి ప్రభాత్ ఝా నడిపిన పదిలక్షల మరణాల అధ్యయనం వేరే దారి పట్టింది. చావు జరిగిన ఇంటికే మనుషులు వెళ్ళి, చనిపోయేముందు ఏం జరిగిందో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. 2011లో అచ్చైన ఫలితాల ప్రకారం 2005లో దేశంలో పాముకాటు మరణాలు దాదాపు 46,000. అందులో ఆసుపత్రిలో జరిగినవి 23 శాతమే. రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే, ఏడాదికి 5,200. తర్వాత 2020లో వచ్చిన లెక్క 2000 నుంచి 2019 దాకా 12 లక్షల మంది చనిపోయారని తేల్చింది. ఏటా సగటున 58,000. ప్రపంచం మొత్తమ్మీద ఏటా 81,000 నుంచి 1,38,000 మంది పోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఈ భారంలో దాదాపు సగం మన మీదే ఉంది.

లెక్క మారగానే విధానం కదిలింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2019లో మరణాలనూ వైకల్యాలనూ 2030 నాటికి సగానికి తగ్గించాలని ప్రణాళిక వేసింది. 2024 మార్చిలో మన ప్రభుత్వం అదే లక్ష్యంతో జాతీయ కార్యాచరణ ప్రకటించింది. ఆ నవంబరులో పాముకాటును తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా చేయమని రాష్ట్రాలను కోరింది.

ఇక్కడ నెల్లూరు వైద్య విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక పని ఉంది. దేశపు లెక్కలో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వానల్లో జరుగుతున్నాయి. నెల్లూరు తీరానికి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కోతలు వసంతంలో, ఆపైన ఎడగారు పంట. దేశానికి పనికొచ్చే క్యాలెండరు ఇక్కడ మందు నిల్వ పెట్టుకోవడానికి సరిపోకపోవచ్చు. ఏ నెలలో, ఏ మండలంలో, ఏ పనిలో, ఏ పాము కాటు పడుతోందో ఇక్కడి ఆసుపత్రుల రిజిస్టర్లలోంచి, ఎస్టీ కాలనీల్లోంచి, మత్స్యకారుల కుప్పాల్లోంచి ఇక్కడివాళ్ళే తీయాలి. మహారాష్ట్ర మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ పల్లె డాక్టరుగా ఉంటూ ఎర్రతేలు కుట్టినవాళ్ళను పక్కన కూర్చుని గమనించి రాసుకున్నాడు. ప్రాజోసిన్ మాత్ర వాళ్ళ ప్రాణం నిలబెడుతుందని లోకానికి చూపించాడు. పెద్ద శాస్త్రం పల్లె రిజిస్టరులోనూ పుడుతుంది.

కేసు షీటులో రాయాల్సింది

నెల్లూరుకు ఈ విషయంలో సొంత వారసత్వం ఉంది. డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి ఇక్కడ నడిపిన ప్రజావైద్యశాల రోగులకు తక్కువ ఖర్చుతో వైద్యం చేయడంతో ఆగలేదు. పల్లెల నుంచి వచ్చిన యువకులకు ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకు పంపింది. ఆసుపత్రి గడప దాకా రాలేనివాళ్ళ దగ్గరికి వైద్యమే వెళ్ళాలన్న నమ్మకం దాని వెనక ఉంది. పాముకాటుకు అచ్చంగా కావలసింది అదే. ఆశా కార్యకర్తకూ ఆర్ఎంపీకీ ఆటో డ్రైవరుకూ ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిస్తే మొదటి గంట మన చేతిలో ఉంటుంది.

వార్డులో చేరిన మనిషిని విద్యార్థి అడిగే ప్రశ్నలకు మరో నాలుగు చేర్చాలి. ఏ పని చేస్తుంటే కరిచిందమ్మా? రాత్రి ఎక్కడ పడుకున్నారు? ఇక్కడికి రావడానికి ఎంత ఖర్చయింది, ఎవరి దగ్గర తెచ్చారు? ఇంటికెళ్ళాక మళ్ళీ అదే పనికి పోవాల్సిందేనా? నాలుగింటి జవాబులూ కేసు షీటులో రాయాలి. నేలమీద పడుకున్నారని రాస్తే డిశ్చార్జి కాగితంతోపాటు ఇంటి స్థలం, మంచం, దోమతెర గురించి గ్రామ సచివాలయానికి ఒక ఉత్తరం వెళ్ళొచ్చు. అప్పు చేసి వచ్చారని రాస్తే పథకంలో పేరు ఎందుకు లేదని అడగొచ్చు. అడ్వాన్సు తీరేదాకా పని మానలేనని రోగి చెబితే, 1976 చట్టం కింద దాన్ని కలెక్టరు దృష్టికి తేవడం కూడా ఆ మనిషి ఆరోగ్యం కోసం చేసే పనే. అయితే ఆ మనిషి ఒప్పుకున్నాకే, ఆ మనిషికి అపాయం రాకుండా చేయాలి. రోగి చెప్పిన గుట్టు కాపాడటమూ హక్కుల్లో భాగమే.

2030కి పాముకాటు మరణాలు సగానికి తగ్గొచ్చు. కారు ఉన్నవాళ్ళు, రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళు, సెల్‌ఫోనులో అంబులెన్సు పిలవగలిగినవాళ్ళు ముందుగా బతుకుతారు. వాళ్ళు బతకడం మంచిదే. మిగిలిన సగంలో కలుగు తవ్వే చేతులు, గుంట కాపలా కాసే కళ్ళు, దీవి పల్లెల పిల్లలే ఉంటే ఆ లక్ష్యం కాగితం మీదే నెరవేరినట్టు. ఎంతమంది తగ్గారన్న లెక్కతోపాటు ఎవరు మిగిలారన్న లెక్క కూడా తీసి బయటపెట్టడం ఈ తీరంలో చదువుకుంటున్న వైద్యుల పని. అది రాజకీయమని, మన సబ్జెక్టు కాదని ఎవరైనా అంటే, గాజు గొట్టం ఎందుకు లేదో, పాకలో మంచం ఎందుకు లేదో వాళ్ళనే అడగండి. జవాబు వెతకబోయిన ఎవరైనా ఇదే దారిలోకి వస్తారు.